మనవణ్ణి రాజును చేసిన అమ్మమ్మ – రాణి రుద్రమదేవి

మన సంఘం ఈ ప్రత్యేక సంచికను అమ్మలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు కేటాయించిందని, నన్ను కూడా నాలుగు ముక్కలు వ్రాయమని కార్యదర్శిగారు కబురు చేశారు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న నన్ను పెంచి పెద్దచేసింది మా అమ్మమ్మ. చిన్న వయసులోనే భర్త పోయినా, ఇక్కడ రావికమతంలో నాలుగెకరాల చెరకు భూమిని ఎవరి పాలూ కానివ్వకుండా నిలబెట్టి, నన్ను చదివించింది. ఆమె గురించే వ్రాద్దామని కూర్చున్నాను. కానీ ముప్పైరెండేళ్ళు హైస్కూలులో సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక కలం మరొక అమ్మమ్మ వైపు మళ్ళింది. ఆమె మీకందరికీ తెలిసిన కాకతి రుద్రమదేవి.

రుద్రమ అనగానే మనకు గుర్రం, కత్తి, మగవేషం గుర్తుకు వస్తాయి. అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డి నవల చదివిన మన తరం వారికైతే ఆమె ఎప్పటికీ పడుచు రాజకుమారియే. నేనూ తరగతిలో అలాగే చెప్పాను. ఆమె ముగ్గురు ఆడపిల్లల తల్లి అనీ, భర్తను పోగొట్టుకున్న స్త్రీ అనీ, కూతురి కొడుకును దత్తత తీసుకొని రాజ్యానికి తీర్చిదిద్దిన అమ్మమ్మ అనీ పుస్తకంలో ఒకటి రెండు వాక్యాలు ఉన్నా, వాటి మీద ఆగి చెప్పింది లేదు. పైగా ఆమె చివరి రోజుల గురించి ఒక తప్పు కూడా చెప్పాను. ఆ లోటును ఇప్పుడైనా తీర్చుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కొడుకులు లేని ఇల్లు

ఓరుగల్లు రాజధానిగా కాకతి గణపతిదేవుడు 1199 నుంచి అరవై ఏళ్ళకు పైగా రాజ్యం చేశాడు. తెలుగు దేశంలో చాలా భాగాన్ని ఒక్క గొడుగు కిందికి తెచ్చినవాడు ఆయనే. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు, రుద్రమ, గణపాంబ. పట్టపురాణికి కొడుకులు లేరు. గణపాంబను ధరణికోట ప్రాంతాన్ని ఏలే కోట బేతరాజుకు ఇచ్చి పెళ్ళి చేశారు. భర్త చనిపోయాక ఆ రాజ్యాన్ని గణపాంబ తానే పాలించింది, భర్త పుణ్యానికి గుడులు కట్టించింది. గుంటూరు వైపు యనమదల శాసనం ఆమెదే. అంటే ఆ ఇంట అక్కచెల్లెళ్ళు ఇద్దరూ మగవారు లేని సమయంలో సంసారాలనూ రాజ్యాలనూ మోసినవారే.

రుద్రమను నిడదవోలు చాళుక్య వంశంలోని వీరభద్రునికి ఇచ్చి వివాహం చేశారు. ఇది 1240 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారుల అంచనా. పెళ్ళి అయినా కూతురు అత్తవారింటికే పరిమితం కాలేదు. తండ్రి ఆమెనే తన వారసురాలిగా ఎంచి, 1260 నాటికి రాజ్యభారంలో భాగస్వామిని చేశాడు. శాసనాలలో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని కనిపిస్తుంది. ఆడపిల్ల సింహాసనం ఎక్కితే సామంతులు అంగీకరించరన్న భయం వల్లనే మగ పేరు, మగ వేషం అవసరమయ్యాయి. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. పుట్టిన ఇల్లు నిలబడాలంటే ఆమె తన పేరునే మార్చుకోవలసి వచ్చింది.

మన సచివాలయం ఉన్న చోట

తండ్రీ కూతుళ్ళు కలిసి పాలించిన రోజుల్లో జరిగిన ఒక పని గురించి పెన్షనర్లమైన మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. కృష్ణ ఒడ్డున మల్కాపురంలో 1261 నాటి శాసనస్తంభం ఒకటి ఉంది. రాజగురువు విశ్వేశ్వర శివాచార్యునికి గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడి గ్రామాన్ని దానంగా ఇచ్చారని అందులో ఉంది. గురువు ఆ ఆదాయంతో అక్కడ గుడి, మఠం, విద్యాలయం, అన్నసత్రం ఏర్పాటు చేశాడు. వాటితోపాటు ఒక ఆరోగ్యశాలను, ఒక ప్రసూతిశాలను కూడా పెట్టాడు. సత్రంలో కులభేదం లేకుండా వచ్చిన వారందరికీ అన్నం పెట్టాలని నియమం చేశాడు.

ప్రసూతిశాల అంటే కాన్పుల ఆసుపత్రి. ఏడున్నర శతాబ్దాల కిందట తెలుగునాట పురుడు పోయడానికి ఒక స్థలం ఉండి, దాని ఖర్చుకు గ్రామాదాయంలో వాటా ఉన్నదంటే ఆశ్చర్యంగా లేదూ? తాను పిల్లలను కన్న తల్లి కాబట్టే రుద్రమ ఆ దానం చేసిందని నేను అనను. శాసనంలో ఆ మాట లేదు. కానీ ఆమె ఇచ్చిన ఊరి ఆదాయం అలాంటి ధర్మానికి ఉపయోగపడిందన్నది రాతిమీద ఉన్న సత్యం. ఆ వెలగపూడిలోనే 2016 నుంచి మన రాష్ట్ర సచివాలయం నడుస్తోంది. మన పెన్షన్ జీవోలన్నీ వచ్చే ఊరు ఒకప్పుడు రుద్రమదేవి చేత్తో దానమిచ్చిన ఊరు.

అన్ని వైపుల నుంచీ దెబ్బలు

1263 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ముత్తుకూరు యుద్ధంలో పాండ్యుల చేతిలో కాకతీయ సేన ఓడిపోయింది. వృద్ధుడైన గణపతిదేవుడు ఆ దెబ్బ తర్వాత రాజకీయాల నుంచి తప్పుకున్నాడు. దక్షిణాన నెల్లూరు చేజారింది. బరువంతా రుద్రమ మీద పడింది. భర్త వీరభద్రుడు కూడా ఆమెకు చాలాకాలం తోడుగా లేడు. 1290లలో మోటుపల్లి ప్రాంతం గురించి వ్రాసిన ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఆమెను వితంతువుగానే పేర్కొన్నాడు. వివేకం గల రాణి అనీ, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదనీ, న్యాయంగా పాలించిందనీ ఆయన వ్రాసిన దాని సారాంశం. రాజ్యం తండ్రి నుంచి వచ్చిన సంగతి తెలియక, చనిపోయిన రాజు భార్యగా ఆమెను భావించి పొరబడ్డాడు. సముద్రం మీద వచ్చిపోయే వర్తకుల చెవిన పడినంత మంచిపేరు మాత్రం ఆమెకు ఉందని దీనివల్ల తెలుస్తుంది.

మొదటి కష్టం ఇంటిలోనే వచ్చిందని ప్రతాపరుద్ర చరిత్ర అనే గ్రంథం చెబుతుంది. సవతి సోదరులైన హరిహరదేవుడు, మురారిదేవుడు ఆడదాని పెత్తనాన్ని సహించలేక తిరగబడ్డారట. ఈ ఉదంతానికి శాసనాధారం లేదు. కానీ సామంతులలో వ్యతిరేకత ఉన్న మాట నిజమే కావాలి. ఎందుకంటే ఆమె పక్షాన నిలిచిన రేచర్ల ప్రసాదిత్యుడికి కాకతీయ రాజ్యాన్ని నిలబెట్టినవాడన్న బిరుదు దక్కింది. పడిపోబోయే దాన్నే కదా నిలబెట్టేది!

తర్వాత పడమటి నుంచి దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తాడు. ఈ యుద్ధం గురించి రెండు పక్షాలవారూ రెండు రకాలుగా వ్రాసుకున్నారు. మహాదేవుని మంత్రి హేమాద్రి తన గ్రంథంలో, స్త్రీని చంపడం తగదని తమ రాజు రుద్రమను విడిచిపెట్టాడని చెప్పుకున్నాడు. తెలుగు కథనం ప్రకారం రుద్రమ అతణ్ణి ఓడించి దేవగిరి దాకా తరిమి, ధనం, గుర్రాలు రాబట్టింది. ఎవరి మాట నిజం? ఓరుగల్లు ఆమె చేతిలోనే నిలిచింది, ఆమె పాలన సాగింది. జాలిపడి వదిలేశామన్న మాటను నేను నమ్మలేను. ఆడది గెలిచినప్పుడు ఓడిన మగవాడు చెప్పుకొనే మాట అలాగే ఉంటుంది. మా అమ్మమ్మ గట్టు తగవులో గెలిచినప్పుడు ఓడిన పెద్దమనిషి కూడా ఇంచుమించు ఇదే మాట ఊరంతా చెప్పుకు తిరిగాడు.

తూర్పున మన వైపు పరిస్థితి వేరు. గోదావరికి ఇవతల, సింహాచలం దాకా, అప్పుడు కళింగ గంగరాజుల ప్రాబల్యం ఉండేది. గంగరాజు మొదటి భానుదేవుని కాలంలో కళింగులు గోదావరి మండలంలోకి చొచ్చుకు వస్తే, పోతినాయకుడు, ప్రోలినాయకుడు అనే సేనానులు ఎదుర్కొని వెనక్కి పంపారు. 1278 నాటికి గోదావరి ప్రాంతంలో కాకతీయుల మాట మళ్ళీ చెల్లింది. అంటే మన విశాఖ వైపు పూర్వీకులు బహుశా రుద్రమ ప్రజలు కారు, ఆమెకు ఎదుటి పక్షంవారు. అయినా ఈనాడు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా ఆమెను మన రాణి అనే అంటున్నాము. అలా అనడంలో తప్పులేదు.

తల్లిగా, అత్తగా

రుద్రమకు ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ్మ అని ముగ్గురు కూతుళ్ళు. వీరిలో పెంచుకున్న పిల్లలు కూడా ఉన్నారని కొందరు పండితుల అభిప్రాయం. ముమ్మడమ్మను మహాదేవునికి ఇచ్చింది. ఈయన పైన చెప్పిన దేవగిరి రాజు కాడు, పేరొక్కటే. రెండవ కూతురిని యాదవ వంశపు ఎల్లణదేవునికి ఇచ్చింది. రుయ్యమ్మను ఇందులూరి అన్నయ మంత్రికి ఇచ్చింది. ఆయన బ్రాహ్మణుడు. ఇలా చూస్తే ఆమె అల్లుళ్ళు వేర్వేరు వంశాలవారు, వేర్వేరు కులాలవారు. బంధుత్వం అయితే బలగం అవుతుందని, బలగం అయితే రాజ్యానికి కాపు అవుతుందని ఆమె ఎరుగును. ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసిన మనందరికీ ఆ ఆలోచన అర్థమవుతుంది.

ఆమె వీరులను ఎంచుకొనే పద్ధతి కూడా అటువంటిదే. పాత రాచకుటుంబాలనే నమ్ముకోకుండా, పేరున్న వంశంలో పుట్టకపోయినా పని చేయగలవారిని నాయకులుగా తీసుకుంది. ప్రతాపరుద్రుని కాలంలో గట్టిపడిన నాయంకర పద్ధతికి పునాది ఇక్కడే పడిందని చరిత్రకారులు అంటారు.

ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. కొడుకులు లేని రుద్రమ ఈ మనవణ్ణి దత్తత తీసుకొని వారసుడిగా ప్రకటించింది. అమ్మమ్మకు అతడు శాస్త్రప్రకారం కొడుకయ్యాడు. తండ్రి తనకు ఎలా పాలనలో పక్కన చోటిచ్చి పని నేర్పాడో, ఆమె మనవడికీ అలాగే నేర్పింది. రాజ్యాన్ని చేతికి ఇచ్చేముందు దాని కష్టాన్ని చూపించింది. ఇంటి తాళాలు అప్పగించే ముందు పెద్దవాళ్ళు చేసే పని ఇదే.

మట్టికోట

ఎల్.టి.సి. మీద ఒకసారి కుటుంబంతో ఓరుగల్లు వెళ్ళాము. అందరూ కీర్తితోరణాల దగ్గర ఫోటోలు దిగుతుంటే నేను కోటగోడలు చూస్తూ నిలబడ్డాను. లోపలి రాతికోటను గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమ పూర్తి చేయించి, ఎత్తు పెంచింది. లోపలివైపు మెట్లు ఉన్నాయి. సైనికులు గోడపైకి త్వరగా ఎక్కడానికి అవి వీలు కల్పించాయి. దాని బయట చుట్టూ మట్టితో మరొక కోట కట్టించి, దానికి అగడ్త త్రవ్వించింది. ఈ మట్టికోట వ్యాసం దాదాపు రెండున్నర కిలోమీటర్లు. చూడటానికి పెద్ద గట్టులా ఉంటుంది, దాని ముందు నిలబడి ఎవరూ ఫోటో తీయించుకోరు. కానీ రాళ్ళు విసిరే యంత్రాల దెబ్బకు రాయి పగులుతుంది, మెత్తటి మట్టి ఆ దెబ్బను మింగేస్తుంది.

ఆమె కట్టించిన ఆ గోడ విలువ ఆమె పోయిన ఇరవై ఏళ్ళకు తెలిసింది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు మట్టికోటను దాటడానికే అతని సేనకు మూడు వారాలకు పైగా పట్టింది. ఆ లోపల ఉన్నది ఆమె మనవడు ప్రతాపరుద్రుడు. చివరికి ధనం, ఏనుగులు ఇచ్చి సంధి చేసుకున్నాడు, రాజ్యం నిలిచింది. 1323 వరకూ, అంటే మరో పదమూడేళ్ళు, అతడే ఏలాడు.

స్వయంభూ శివాలయానికి రుద్రమ చేర్చిన రంగమండపం శిల్పాలలో, సింహం మీద కూర్చుని కత్తి, డాలు పట్టిన స్త్రీమూర్తి ఉంది. అది రుద్రమయే అని పండితులు గుర్తించారు. పట్టానికి వచ్చేటప్పుడు మగ పేరు పెట్టుకున్న ఆమె, తన శక్తి రుజువైన తర్వాత రాతిలో స్త్రీగానే నిలిచింది. శాసనంలో మహారాజు, శిల్పంలో అమ్మ. ఆ విరిగిన రాళ్ళ మధ్య నాకు ఇది చాలా గొప్పగా తోచింది.

నేను చెప్పిన తప్పు పాఠం

ఇక నా తప్పు సంగతి. మేము చదువుకున్న పుస్తకాలలో రుద్రమ 1295–96 దాకా పాలించినట్లు ఉండేది. నేను మరొక అడుగు ముందుకు వేసి, ముసలితనంలో ఆమె మనవడికి రాజ్యం అప్పగించి, నిశ్చింతగా దైవధ్యానంలో గడిపిందని పిల్లలకు చెప్పేవాణ్ణి. మనలాగే రిటైరై విశ్రాంతి తీసుకుందన్నమాట. వినడానికి బాగుండేది.

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరిలో ఒక శాసనం బయటపడింది. దాని తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారని, వారి పుణ్యం కోసం సోమనాథ దేవునికి భూమి ఇస్తున్నానని అందులో చెక్కించాడు. పురావస్తు శాఖలో పనిచేసిన శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు దీన్ని పరిశీలించి, రాణి, సేనాని ఒకేసారి మరణించడం యుద్ధంలోనే సాధ్యమని నిర్ణయించారు. శాసనంలో యుద్ధం పేరు లేదు. కానీ ఆ సమయంలో ఆమెకు ఎదురు తిరిగి బలపడినవాడు కాయస్థ అంబదేవుడు. అతని అన్నలు జన్నిగదేవుడు, త్రిపురారి ఆమెకు విశ్వాసంగా సేవ చేసినవారే. తమ్ముడు మాత్రం తిరగబడి, రాజులందరినీ గెలిచానని మరుసటి ఏడాది త్రిపురాంతకం శాసనంలో చాటుకున్నాడు. రుద్రమ అతనితో పోరులోనే మరణించి ఉంటుందని ఎక్కువమంది చరిత్రకారులు భావిస్తున్నారు.

ఒక్కసారి ఆమె వయసు లెక్క వేయండి. 1240 ప్రాంతంలో పెళ్ళి జరిగితే 1289కి దాదాపు యాభై ఏళ్ళు. అంటే ఆమెకు అరవై దాటి ఉండాలి. మోకాళ్ళ నొప్పులని, బి.పి. అని మనం బ్యాంకు దాకా వెళ్ళడానికి తోడు వెతుక్కొనే వయసు. భర్త లేడు, తండ్రి లేడు, నమ్మిన ఇంటివాడు ఎదురు తిరిగాడు. ఇంట్లో ఎదిగిన మనవడు ఉన్నాడు. అయినా ఆమె సేనానితోపాటు తానే బయలుదేరింది. ఆమెకు రిటైర్మెంటు లేదు.

శాసనం చెక్కించినవాడు రాజబంధువు కాదు, పెద్ద సామంతుడూ కాదు, ఆ సేనాని కొలువులోని మామూలు ఉద్యోగి. అతడు తనకున్నంతలో కొంచెం భూమి ఇచ్చి ఆ మాట రాయించకపోతే ఈనాటికీ మనకు ఆమె చివరి తేదీ తెలిసేది కాదు. పెద్దవారి చరిత్రను చిన్న ఉద్యోగి కాపాడాడు. ఈ విషయం మన సంఘ సభ్యులకు గర్వకారణం కావాలి.

అమ్మమ్మ పోయిన తర్వాత ప్రతాపరుద్రుడు ఏడుస్తూ కూర్చోలేదు. పట్టానికి వచ్చిన వెంటనే, 1291 నాటికి, అంబదేవుని మీద సేనలు నడిపి త్రిపురాంతకాన్ని తిరిగి సాధించాడు. ఆమె నేర్పిన పాఠం అతనికి వచ్చిందనడానికి ఇంతకన్నా ఏమి కావాలి?

మా అమ్మమ్మ కూడా చివరిదాకా పనిలోనే ఉంది. బెల్లం వండే రోజుల్లో పొయ్యి దగ్గర కూర్చుని, పాకం ఎప్పుడు దించాలో కూలీలకు తానే చెప్పేది. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాదికి కన్నుమూసింది. ఆమె పేరు ఏ రాతిమీదా లేదు. అయితే నాలుగెకరాల భూమి ఇంకా మాదే, అందులో ఇప్పటికీ చెరకు వేస్తున్నాము.

నా దగ్గర చదువుకున్న విద్యార్థులలో కొందరు ఇప్పుడు మన సంఘంలోనే సభ్యులు. వారికి నా మనవి: నేను చెప్పిన ఆ ముగింపు పాఠాన్ని కొట్టివేసి, ఈ పాఠాన్ని మీ మనవలకు చెప్పండి. వారిని ఓరుగల్లు తీసుకువెళితే తోరణాలతోపాటు ఆ మట్టికోటను కూడా చూపించండి. అది ఒక అమ్మమ్మ తన మనవడి కోసం కట్టించిన గోడ అని చెప్పండి.



– ఒక విశ్రాంత సోషల్ ఉపాధ్యాయుడు, రావికమతం